నిద్రమాత్రకు గడువు ఎలా వచ్చింది

నిద్ర పట్టించే మొదటి కృత్రిమ మందుగా పేరు పొందినది క్లోరల్ హైడ్రేట్. బెర్లిన్‌లో ఆస్కర్ లీబ్‌రైక్ 1869లో దాని గుణం లోకానికి చాటాడు. అదే మందు తర్వాత తెలంగాణలో కల్తీ కల్లులోకి చేరింది. ఆ కల్లు దొరకని రోజున చేతులు వణికి, మతి తప్పి, ఫిట్స్‌తో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి చేరిన కూలీలను మన ప్రాంతం చూసింది. అలవాటుపడిన మత్తుమందు ఒక్కసారిగా ఆగితే శరీరం పడే పాట్లు అవి.

1903లో ఎమిల్ ఫిషర్, యోసెఫ్ ఫాన్ మేరింగ్ వెరొనాల్ అనే నిద్రమందును తెచ్చారు. ఆ కోవకు చెందిన బార్బిట్యురేట్లలో నిద్రకు చాలే మోతాదుకూ ప్రాణం తీసే మోతాదుకూ ఎడం బహు తక్కువ. మద్యం తోడైతే ఊపిరే ఆగిపోయేది. 1957లో పశ్చిమ జర్మనీలో చీటీ లేకుండానే అమ్మిన థాలిడమైడ్ కథ ఇంకా ఘోరం. గర్భిణులు వాడారు, వేలమంది పసికందులు అవయవలోపాలతో పుట్టారు.

అందుకే రోష్ కంపెనీలో లియో స్టెర్న్‌బాక్ కనుగొన్న మందులు, 1960లో అమ్మకానికొచ్చిన లిబ్రియం, 1963లో వచ్చిన వేలియం, వరాల్లా కనిపించాయి. మోతాదు మించినా, మద్యంలాంటి మత్తు ఏదీ తోడు కాకపోతే ప్రాణం పోవడం అరుదు. ఆ ధైర్యంతోనే డాక్టర్లు ఏళ్ల తరబడి రాశారు. మానబోతే నిద్రలేమి రెట్టింపై తిరిగొచ్చింది. చివరికి 1988లో బ్రిటన్ మందుల భద్రతా కమిటీ ఈ కోవ మందులను రెండు నుంచి నాలుగు వారాలకు మించి వాడొద్దని హెచ్చరించింది. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే.

తర్వాత వచ్చిన నిద్రమాత్ర జోల్పిడెం విషయంలోనూ జాగ్రత్తలు ఆలస్యంగానే తెలిశాయి. తెల్లారాక కూడా ఆడవాళ్ల రక్తంలో అది ఎక్కువగా మిగిలి, బండి నడపడం ప్రమాదమవుతోందని 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్ల మోతాదును 10 మిల్లీగ్రాముల నుంచి 5కు తగ్గించింది.

మన దేశంలో వేలియం కోవకే చెందిన అల్ప్రాజోలం, జోల్పిడెం షెడ్యూల్ హెచ్1 మందులు, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సినవి. అమ్మినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు దుకాణం రిజిస్టరులో రాయాలి, మూడేళ్లు దాచాలి. అయినా పాత స్ట్రిప్ చూపిస్తే ఇచ్చే దుకాణాలున్నాయి. ఇది ఉపేక్షించదగ్గ తప్పు కాదు.

నిద్రమాత్ర రాసిన డాక్టరును ఎన్నాళ్లు వాడాలో, ఎప్పుడు ఆపాలో ఆ రోజే అడగండి. గురకపెట్టి ఊపిరి ఆగే జబ్బున్నా, గర్భమైనా ముందే చెప్పండి. మాత్ర వేసుకున్న రాత్రి మద్యం ముట్టొద్దు. నెలల తరబడి వాడుతున్నవాళ్లు మాత్రం సొంతంగా ఆపేయకండి, డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించుకోండి.