గోడ దాటని తరంగం

మా ఊళ్ళో తాతగారు కట్టించినది మండువా ఇల్లు. ఇటుక, గానుగ సున్నంతో కట్టిన గోడలు అడుగున్నర మందం. వేసవిలో వచ్చిన చుట్టాలలో ఆ గోడల చలవను పొగడనివారు లేరు. ఆ గోడలే మొన్నీమధ్య ఒక నెలపాటు నాతో పంతం పట్టి కూర్చున్నాయి.

నాన్నగారు వెనకగదిలో ఉంటారు. మోకాళ్ళ నొప్పుల వల్ల వీధిగదిలోకి రావడం ఆయనకిప్పుడు ఒక ప్రయాణం. న్యూజెర్సీలో ఉన్న మా మేనత్త ప్రతి ఆదివారం ఉదయం ఆయనను తెర మీద పలకరిస్తుంది. ఇద్దరూ పెద్దవారైపోయారు. వారానికి ఆ అరగంటే వారికి పండుగ. వైఫై రౌటరు మాత్రం, బయటి తీగ ఇంట్లోకి ప్రవేశించిన చోట, వీధిగదిలోనే ఉండిపోయింది. "చెల్లాయి మాట సగం మింగేస్తోందిరా ఇది" అని నాన్నగారు అన్నప్పుడు, రెండు పౌనఃపున్యాల మీద పనిచేసే కొత్త రౌటరు కొంటే సరిపోతుందని తీగలు కలిపే కుర్రవాడు సలహా ఇచ్చాడు. కొన్నాను. అంతవరకూ సగమైనా వినిపించిన మాట ఆ తరువాత అసలు వినిపించకుండా పోయింది.

కొత్తది పాతదానికంటె అధ్వాన్నం ఎందుకయింది? సంకేత బలాన్ని చూపే చిన్న సాధనాన్ని ఫోనులో వేసుకుని గదిగదికీ తిరిగాను. 5 గిగాహెర్ట్జ్ తరంగం రౌటరు పక్కన మైనస్ 38 డెసిబెల్ చూపింది. మండువాలో మైనస్ 62. వెనకగదిలో మైనస్ 88. పది అంకెలు తగ్గిన ప్రతిసారీ బలం పదోవంతు అవుతుంది కనుక, వీధిగదిలో ఉన్న బలంలో లక్షో వంతు మాత్రమే నాన్నగారి మంచం దాకా చేరుతోందన్నమాట. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం అదే మంచం దగ్గర మైనస్ 74 దాకా నిలబడింది. దాని తరంగదైర్ఘ్యం పన్నెండు సెంటీమీటర్లు, రెండవదానిది ఐదారు. పొట్టి తరంగానికి చిన్న యాంటెన్నా చాలు, కాని ఆ చిన్న యాంటెన్నా గ్రహించే శక్తీ తక్కువే. ఆపైన తడి పీల్చిన పాత గోడలు పొట్టివాటిని మరింత తింటాయి.

అయితే ఫోను బుద్ధిగా 2.4ను పట్టుకోవచ్చు గదా? రౌటరు రెండింటికీ ఒకే పేరు పెట్టింది. మండువాలో 5ను పట్టుకున్న టాబ్లెట్టు, వెనకగదికి వెళ్ళాక కూడా తెగేదాకా దాన్నే పట్టుకు వేలాడుతోంది. రెండింటికీ వేరువేరు పేర్లు పెట్టి, నాన్నగారి టాబ్లెట్టుకు 2.4 మాత్రమే పరిచయం చేశాను. అత్త ముఖం కదిలింది, మాట వినిపించింది.

నా ఆనందం రెండు ఆదివారాలు నిలిచింది. మూడవనాడు పది గంటల వేళ మళ్ళీ బొమ్మ బిగుసుకుంది. రెండు నిమిషాలకు దానంతటదే కదిలింది. వెనకగది గోడకు అవతల వంటిల్లు. ఆ రెండు నిమిషాలూ అక్కడ మైక్రోవేవ్ పొయ్యిలో పాలు కాగుతున్నాయి!

చరిత్ర మొదలయ్యేది ఇక్కడే. రేథియాన్ సంస్థలో పెర్సీ స్పెన్సర్ అనే ఇంజనీరు రాడార్ గొట్టం ముందు నిలబడినప్పుడు జేబులోని తినుబండారం కరిగిపోయిందని ప్రసిద్ధమైన కథ. కథ మాట అటుంచితే, 1945 అక్టోబరులో ఆయన వంట పద్ధతికి పేటెంటు కోరిన మాట నిజం. 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సదస్సు, 2450 మెగాహెర్ట్జ్ చుట్టూ ఉన్న పట్టీని పరిశ్రమలకూ, శాస్త్ర, వైద్య అవసరాలకూ వదిలిపెట్టింది. (నీటి అణువు సరిగా అక్కడే అనునాదం చెందుతుంది కాబట్టి ఆ అంకె ఎంచుకున్నారని చాలామంది రాస్తారు. అది నిజం కాదు.) సమాచారం పంపుకొనేవారి దృష్టిలో అది ఊరి బయటి బంజరు. పొయ్యిల రొదలో ఎవరు మాట్లాడుకుంటారు?

దాదాపు నలభై ఏళ్ళు ఆ బంజరు అలాగే పడి ఉంది. 1985 మేలో అమెరికా సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్.సి.సి., మైఖేల్ మార్కస్ అనే తన ఇంజనీరు చొరవతో, అక్కడ ఎవరైనా లైసెన్సు లేకుండా మాట్లాడుకోవచ్చని తలుపు తీసింది. షరతు ఒకటే: సంకేతాన్ని పలుచగా, విశాలంగా పరచాలి. తొలిరోజులలో అక్కడ గుడిసె వేసుకున్నవారిలో ఒకరు దుకాణాల గల్లాపెట్టె యంత్రాలను తీగలు లేకుండా కలపాలనుకున్న ఎన్.సి.ఆర్. సంస్థవారు. ఆ సంస్థ నెదర్లాండ్స్ శాఖకు చెందిన విక్ హేస్ అధ్యక్షతన 1990లో ఏర్పడిన సంఘం 1997లో తొలి ప్రమాణాన్ని వెలువరించింది. వేగం సెకనుకు 2 మెగాబిట్లు. 1999లో రెండు కొత్త ప్రమాణాలు వచ్చాయి: 2.4లో 11 మెగాబిట్లది, 5లో 54 మెగాబిట్లది. చవకైన మొదటిదే లోకమంతా పాకింది. రెండు పట్టీలూ ఒకే పెట్టెలో ఇమడడం 2009 ప్రమాణంతో మామూలయింది.

మన దేశంలో 2005 జనవరి నియమాలు 2.4 పట్టీని లైసెన్సు నుండి విముక్తం చేశాయి. 5 గిగాహెర్ట్జ్‌లో తలుపులు విశాలంగా తెరుచుకున్నది 2018 అక్టోబరులో. 2005 నియమాలలో ఒక మాట నన్ను ఆపింది. వాడుకొనేవారు ఎవరికీ ఆటంకం కలిగించరాదు, ఎవరి ఆటంకం నుండీ రక్షణ కోరరాదు. అంటే ఆ నేలపై అసలు హక్కుదారు పొయ్యే. మా అత్త ముఖం అక్కడ అనుమతితో తలదాచుకున్నది. పాలు కాచుకుంటున్న మా ఆవిడ మీద దావా చెల్లదు!

జగదీశ్ చంద్ర బోసు 1895లో కలకత్తా టౌన్‌హాలులో గోడలు దాటించి గంట మ్రోగించాడు, తుపాకిమందు పేల్చాడు. ఆయన పరిశోధించినవి మిల్లీమీటర్లలో, సెంటీమీటర్లలో కొలిచే తరంగాలు. మరి నా రౌటరుకేమి రోగం అని ఒక రాత్రి విసుక్కున్నాను. తేడా తరువాత తట్టింది. గంట మ్రోగడానికి ఒక్క తాకిడి చాలు. అత్త నవ్వు వెనకగదికి చేరాలంటే సెకనుకు లక్షల తాకిడులు ఒక్కటీ తప్పకుండా, వరుస చెడకుండా దాటాలి.

పొయ్యిని ముందువసారాలోకి మార్చమంటే ఇంట్లో యుద్ధమే. కనుక ఓటమి అంగీకరించి తీగ తెచ్చాను. వీధిగది రౌటరు నుండి దూలం వెంట, తలుపుల మీది వెంటిలేటర్లలోంచి వెనకగది దాకా ఈథర్‌నెట్ తీగ లాగి, పాత రౌటరును అక్కడ బిగించాను. చిరునామాలు పంచే పని దానిచేత మాన్పించి, మరొక చానెలు ఇచ్చి, 5 గిగాహెర్ట్జ్‌ వదిలే అలవాటు లేని ఆ ముసలిదాని పక్కన టాబ్లెట్టుకు కూడా చిన్న తీగ తగిలించాను. ఇక పొయ్యి వెలిగినా భయం లేదు.

తీగతో గట్టెక్కినందుకు కొంత చిన్నతనంగానే ఉండేది. కాని ఈథర్‌నెట్‌ను 1973లో ఊహించిన రాబర్ట్ మెట్‌కాఫ్, దాని మూలసూత్రాన్ని తీసుకున్నది హవాయి విశ్వవిద్యాలయపు అలోహా నుండి. 1971లో ద్వీపాల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపిన వల అది. మా దూలం మీది తీగ కూడా మాట్లాడడం గాలిలోనే నేర్చుకుంది.

మొన్న ఆదివారం అత్త, పెరట్లో ఉండిన నూతి గిలక ఏమయిందని అడిగింది. నాన్నగారు దాని కథ చెప్పడం మొదలుపెట్టారు. నలభై నిమిషాలయినా పూర్తికాలేదు.