ఖాళీ గడి కథ

తమిళనాట తరతరాలుగా ఇనిషియల్‌తో సరిపెట్టుకుని ఇంటిపేరు మరిచిన కుటుంబాలు మనలో ఉన్నాయి. సంఘం జాబితాను కంప్యూటర్‌కు ఎక్కిస్తే, ఆ గడి ఖాళీగా ఉన్నచోటల్లా మా ప్రోగ్రాం ఆగిపోయింది.

ఈ చిక్కు పాతదే. 1965లో టోనీ హోర్, పని తేలికని, ఆల్గాల్ డబ్ల్యూ భాషలో ‘ఏమీ లేదు’ అని చెప్పే నల్‌ను చేర్చారు. 2009లో ఆయనే దాన్ని వంద కోట్ల డాలర్ల తప్పిదమన్నారు.

1978లో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సీ భాష కోసం లింట్ రాశారు. బట్టకంటిన నూగులాంటి లోపాలను ప్రోగ్రాం నడవకముందే చూపే పరికరం అది. ఆ కోవలోని నేటి పరికరాలు ‘ఇక్కడ విలువ లేకపోవచ్చు, ముందు చూసుకోండి’ అని హెచ్చరిస్తాయి.

మేమూ ఆ నియమం పెట్టుకున్నాం. గడి ఖాళీగా ఉంటే ఏం చేయాలో ప్రతిచోటా రాశాం. ఇంటిపేరు తెలియనివారూ ఫారం ఇవ్వండి. మీ పేరు ఇక జారిపోదు.