పొలంలో ఇల్లు, షెడ్డు కడుతున్నారా? పునాదికి ముందే ఇవి చూసుకోండి

మంగళగిరి, దుగ్గిరాల, పెదకాకాని మండలాల్లో రోడ్డు వెంట పొలం ఉన్న రైతులు చాలామంది ఇల్లో, గోదామో కట్టుకోవాలని చూస్తున్నారు. పట్టా పొలమే కదా అని పునాది వేశాక నోటీసు వస్తే పెట్టిన డబ్బు మట్టిపాలవుతుంది.

నాలా రద్దయితే అనుమతి అక్కర్లేదా?

అక్కర్లేదనుకోవడం పొరపాటు. వ్యవసాయ భూమి మార్పిడికి 2006లో తెచ్చిన నాలా చట్టాన్ని ప్రభుత్వం 2025లో రద్దు చేసింది. దాని స్థానంలో ప్లాను లేదా లేఅవుట్ అనుమతి సమయంలో అభివృద్ధి రుసుము కట్టాలి. భవన అనుమతి మాత్రం తప్పనిసరే.

ఎక్కడ అడగాలి?

మంగళగిరి–తాడేపల్లి నగరపాలక సంస్థ 2021లో ఏర్పడినప్పుడు చుట్టుపక్కల పంచాయతీలు చాలా అందులో కలిశాయి. మీ ఊరు కలిసి ఉంటే టౌన్‌ప్లానింగ్ విభాగంలో, పంచాయతీగానే ఉంటే గ్రామ సచివాలయంలో అడగండి. ఈ మండలాలు సీఆర్‌డీఏ పరిధిలోవి. అందుకే మీ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో ముందే తెలుసుకోండి.

పత్రాలు

* మీభూమిలో 1-బి, అడంగల్ సరిచూసుకోండి.
* సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. డి-పట్టా, దేవాదాయ భూములైతే తహసీల్దారు కార్యాలయంలో తేల్చుకోకుండా ముందుకు వెళ్లవద్దు.

నీటికి ఎంత దూరం?

2017 భవన నిబంధనల ప్రకారం వదలాల్సిన దూరం:

* నది హద్దు నుంచి: పట్టణ పరిధి బయట 100 మీటర్లు, లోపల 50 మీటర్లు
* 10 హెక్టార్లు, ఆపై చెరువు పూర్తి నీటిమట్టం నుంచి: 30 మీటర్లు. అంతకంటే చిన్న చెరువు, కుంట అయితే 9 మీటర్లు
* 10 మీటర్లకు మించి వెడల్పున్న కాలువ, వాగు, డ్రెయిన్ నుంచి: 9 మీటర్లు. అంతకు తక్కువ వెడల్పుంటే 2 మీటర్లు

హద్దును మీరే అంచనా వేసుకోవద్దు. జలవనరుల, రెవెన్యూ శాఖలవారితో చూపించుకోండి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగింది. అదే సమయంలో బుడమేరు విజయవాడను ముంచింది. నీటి దారిలో కట్టిన గోడ ముందు మునిగేది మన ఇంటినే.

మెరక చేసేటప్పుడు

మనది పల్లపు డెల్టా. మీరు మెరక చేస్తే వాననీరు పక్క చేలోకి పోతుంది. పసుపు చేలో నాలుగు రోజులు నీరు నిలిస్తే దుంపకుళ్లు ఖాయం. పంట బోదె, మురుగు బోదె పూడ్చవద్దు. దారి లేకపోతే తూము వేయండి. మట్టి తోలించే ముందు దానికి అనుమతి ఉందో లేదో అడగండి. కొత్త బోరుకు 2002 వాల్టా చట్టం వర్తిస్తుంది.

కావలసినన్ని సెంట్లలోనే కట్టుకోండి. కట్టడం వచ్చిన చోట ఈ-పంట నమోదు ఉండదు, పంట రుణం, బీమా కూడా అందవు. మధ్యవర్తి నోటిమాట నమ్మి డబ్బు ఇవ్వవద్దు. దరఖాస్తు నంబరు, రుసుము రసీదు, ఆమోదించిన ప్లాను చేతికి వచ్చాకే మేస్త్రీని పిలవండి.