హృదయ ధమనుల చిత్రణ: కాంట్రాస్ట్ ద్రవాల చరిత్ర

గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమనులు మామూలు ఎక్స్‌రేలో విడిగా కనిపించవు. రక్తమూ, చుట్టూ ఉన్న కండరమూ ఆ కిరణాలను దాదాపు ఒకే తీరుగా ఆపుతాయి. సన్నని గొట్టం ద్వారా ధమనిలోకి అయోడిన్ ఉన్న ద్రవం పంపితే, అది పారినంతసేపు ధమని దారి, అందులోని ఇరుకులు తేటతెల్లమవుతాయి. ఆసుపత్రుల్లో ‘డై’ అనే ఈ కాంట్రాస్ట్ ద్రవమే యాంజియోగ్రామ్‌కు ఆధారం.

ఎక్స్‌రే వెలుగులోకి వచ్చిన కొన్ని వారాలకే, 1896 జనవరిలో, వియన్నాలో శవం చేతి రక్తనాళాల్లోకి ఖనిజ మిశ్రమం ఎక్కించి చిత్రం తీశారు. బతికున్నవారికి అది పనికిరాదు. 1920లలో సోడియం అయోడైడ్ వచ్చింది. బొమ్మ బాగానే వచ్చినా నాళాలను బాధించేది. ఆ తర్వాత వాడుకలోకి వచ్చిన థోరోట్రాస్ట్ నొప్పి పెట్టదు, చక్కటి చిత్రమిస్తుంది. అయితే అందులోని థోరియం రేడియోధార్మిక పదార్థం. అది కాలేయంలో జీవితాంతం నిలిచిపోయి, దశాబ్దాల తర్వాత ఎందరికో క్యాన్సర్ తెచ్చిపెట్టింది. వైద్య చిత్రణ చరిత్రలో ఇంతకంటే విషాదమైన అధ్యాయం అరుదు.

1950లలో బెంజీన్ వలయానికి మూడు అయోడిన్ పరమాణువులను తగిలించిన డయాట్రిజోయేట్ వంటి లవణాలు వచ్చాయి. 1958 అక్టోబరు 30న అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మేసన్ సోన్స్ బృందం ఒక యువకుడికి బృహద్ధమని చిత్రం తీస్తుండగా, గొట్టం జారి సుమారు 30 మి.లీ. డై నేరుగా కుడి కరోనరీ ధమనిలోకి వెళ్లింది. గుండె ఆగింది. గట్టిగా దగ్గమని సోన్స్ అరిచారు. రోగి దగ్గాడు, గుండె మళ్లీ కొట్టుకుంది. తక్కువ మోతాదులో నేరుగా ధమనిలోకే డై పంపవచ్చన్న నమ్మకం సోన్స్‌కు అక్కడే కలిగింది.

ఈ లవణాలతో చిక్కు అయోడిన్‌ది కాదు, గాఢతది. నీటిలో కలవగానే ఒక్కో అణువు రెండు అయాన్లుగా విడిపోతుంది. ఫలితంగా ద్రవాభిసరణ గాఢత, అంటే ఆస్మోలాలిటీ, రక్తంలో కిలో నీటికి 290 మిల్లీఆస్మోళ్లు ఉంటే ఈ ద్రవాల్లో 1,500 దాటేది. చిక్కటి ఉప్పునీటిలా అది కణాల్లోంచి నీటిని లాగేసేది. ఒళ్లంతా మంట, రక్తపోటు పడిపోవడం, గుండె లయ తప్పడం జరిగేవి. రోగుల నొప్పిని తప్పనిసరి బాధగా సరిపెట్టుకోని వైద్యుడు స్వీడన్‌కు చెందిన టోర్‌స్టెన్ ఆల్మేన్. స్వీడన్ పశ్చిమ తీరపు సముద్రంలో ఈదితే కళ్లు మండుతాయని, ఉప్పు తక్కువైన బాల్టిక్‌లో అంత మండవని ఆయన గమనించారు; డై పెట్టే మంటకూ గాఢతే కారణమని ఆయనకు తోచింది. అయాన్లుగా విడిపోని అణువును తయారు చేయాలని ఆయన 1969లో ప్రతిపాదించారు. నార్వే సంస్థ నీగార్డ్ దాన్ని చేతికెత్తుకుంది. ముందు మెట్రిజమైడ్, 1980లలో అయోహెక్సాల్ వచ్చాయి. ఇటలీ నుంచి అయోపమిడాల్ వచ్చింది. వీటి ఆస్మోలాలిటీ పాతవాటిలో సగం లోపే. ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే.

తేడా ఎంతో 1990లో జపాన్ అధ్యయనం తేల్చింది. సిరలోకి డై ఎక్కించిన 3 లక్షలకు పైగా కేసుల్లో తీవ్ర దుష్ప్రభావాలు పాత అయానిక్ రకానికి 0.22 శాతం, కొత్తదానికి 0.04 శాతం.

1990లలో వచ్చిన అయోడిక్సనాల్ రెండు వలయాలను జోడించిన అణువు. దాని ఆస్మోలాలిటీ రక్తంతో సమానం, కానీ ద్రవం చిక్కన; అందుకే వెచ్చచేసి వాడతారు. ఇది మూత్రపిండాలకు మేలా? 2003 నాటి నెఫ్రిక్ అధ్యయనంలో, కిడ్నీ బలహీనపడిన 129 మంది మధుమేహ రోగుల్లో డై తర్వాత కిడ్నీ దెబ్బతినడం అయోడిక్సనాల్‌తో 3 శాతం, అయోహెక్సాల్‌తో 26 శాతం. అంతా ఆశపడ్డారు. 2007లో 414 మందిపై జరిగిన కేర్ అధ్యయనంలో మాత్రం అయోపమిడాల్‌కూ అయోడిక్సనాల్‌కూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఆస్మోలాలిటీ తగ్గించడం ఒక మేరకే మేలు చేస్తుందని దీన్నిబట్టి అనుకోవాలి. కిడ్నీ జబ్బున్నవారి విషయంలో డై పేరుకన్నా ఎన్ని మి.లీ. వాడారు, ఒంట్లో నీరు తగినంత ఉందా అన్నవే ముందు చూడాలి. రొయ్యలు పడనివారికి ఈ డై కూడా పడదన్న భయం ఇప్పటికీ వినిపిస్తుంది. దానికి ఆధారం లేదు. రొయ్యల అలర్జీకి మూలం వాటిలోని ప్రోటీన్, అయోడిన్ కాదు.

2022లో కోవిడ్ లాక్‌డౌన్ వల్ల షాంఘైలోని కర్మాగారం మూతపడి అయోహెక్సాల్‌కు కొరత ఏర్పడింది. అమెరికాలో చాలా ఆసుపత్రులు అత్యవసరం కాని పరీక్షలను వాయిదా వేసి, ఉన్న డైని పొదుపుగా వాడుకున్నాయి.