కోరంగి ఓడకి డాక్యుమెంటేషన్

ఎండాకాలం పెన్నలో ఇసుక తప్ప ఏమీ కనపడని ప్రొద్దుటూరోడికి చెక్క ఓడల పిచ్చేందని మా రూమ్మేట్లు ఒకటే నవ్వు. దొరికే మోడల్ కిట్లన్నీ విక్టరీ, కట్టీ సార్క్ లాంటి పరాయి ఓడలవే. మనది చేద్దామంటే ప్లానేదీ?

కోరంగి, తాళ్ళరేవు వడ్రంగులు తరతరాలుగా ఓడలు కట్టారు. 1802లో ఆల్బట్రాస్ అనే ఇంగ్లీషు యుద్ధనౌక కోరంగి డాక్‌కే రిపేరుకొచ్చింది. కొలతలు మాత్రం వాళ్ళ చేతుల్లోనే ఉండేవి, కాగితం మీద కాదు. మనం కోడు రాసేసి డాక్యుమెంటేషన్ ఎగ్గొట్టినట్టే అన్నమాట! 1839 నవంబరు తుఫాను ఆ రేవుని ముంచేసింది.

అదృష్టం ఏంటంటే, దానికి తొమ్మిదేళ్ళ ముందే లా ఫావరీత్ అనే ఫ్రెంచి ఓడ యానాం, కోరంగి వైపు వచ్చింది. అందులో ఎడ్మండ్ పారీ అని 24 ఏళ్ళ నేవీ కుర్రాడు. ఎక్కడ ఆగితే అక్కడి పడవల్ని కొలిచి గీసుకునేవాడు. 1840లలో పుస్తకంగా వేశాడు, మన కోరమాండల్ దోనెలతో సహా. 1871లో ప్యారిస్ లూవ్ర్‌లోని నౌకా మ్యూజియానికి అధికారై, ఆ బొమ్మల్నే చెక్క మోడళ్ళుగా చేయించాడు. నలభై ఏళ్ళ తర్వాత! మనకి ఆర్నెల్ల కిందటి కోడే అర్థం కాదు.

దోనె బొమ్మ ప్రింటు తీసి గోడకి అంటించా. కొండపల్లి బొమ్మలకి వాడే తెల్ల పొణికి చెక్క విడిగా ఎక్కడ అమ్ముతారో ఎవరైనా చెబుదురూ?