బస్రాకు బోయిన పెదతాత

మా యింట మహాలయపక్షమున చతుర్దశినాడు ఒక తర్పణము ప్రత్యేకముగా జరుగుచుండెడిది. అది శస్త్రహతులకు విహితమైన తిథి. మా తాతగారి యన్న మొదటి ప్రపంచయుద్ధమున బస్రాకు బోయి, తుర్కీలతో పోరి మడిసెనని పెద్దలు చెప్పుచుండిరి. మృతితిథి యెవరికిని తెలియదు. ఆయన గుర్తుగా మిగిలినది పూజామందసమున నొక పతకము.

బడి పని విరమించినపిదప తీరిక చిక్కి ఆ పతకమును చింతపండుతో తోమితిని. వెండి తేలునని యెదురుచూచితిని, తేలినది కంచు. ఆ యుద్ధపతకమును పోరాడినవారికి వెండితోను, కూలిదళములవారికి కంచుతోను పోసిరి. భూతద్దముతో అంచు చూడగా సంఖ్య, పేరు, ఆ వెనుక ‘లేబరు కోరు’ అను మాట కానవచ్చెను. మీ యిండ్ల నిట్టివి యున్నచో ముందుగా అంచును చూడుడు. ముఖమున రాజుబొమ్మ యందరిదియు నొక్కటే.

బస్రాలో 1929లో వెలసిన స్మారకమున, అధికారులు కాని భారతీయుల పేర్లు చెక్కలేదు. దళము పేరును, మృతుల సంఖ్యయు మాత్రమే చెక్కిరి. ఫ్రాన్సున న్యూవ్ షాపెల్‌లో మనవారి పేర్లు 4,700కు పైగా రాతిపై నున్నవి. బస్రాలో మాత్రము లెక్కయే మిగిలినది. ఈ భేదమునకు యుద్ధసమాధుల సంఘమువారు 2021లో క్షమాపణ చెప్పిరి. అయినను పేర్లు వారి పట్టికలలో నున్నవి. మనుమడు వానిని కంప్యూటరున తెరచి చూపెను.

ఇంటిపేరుతో వెదకితిమి, లేదు. పట్టికలో ఇంటిపేరు వ్రాయలేదు. తండ్రి పేరు, గ్రామము, తాలూకా, జిల్లా వ్రాసిరి. గోదావరి జిల్లాలో వెదకితిమి, అచ్చటను లేదు. మా తణుకు తాలూకా 1904 మొదలు 1925 వరకు కృష్ణాజిల్లాలో నుండెను. బాలురకు చరిత్ర చెప్పి బ్రదికిన నేనే దీనిని మరచితిని! ‘కిస్ట్నా’ అను నాటి ఇంగ్లీషు వర్ణక్రమముతో వెదకగా, తండ్రి పేరుతో గ్రామము పేరుతో ఆయన దొరకెను. మరణము 1917 జూలై 13. అనగా పింగళ సంవత్సర ఆషాఢ బహుళ నవమి.

కారణము వ్రాయలేదు. ఆ దినములలోనే రమాదిపై జరిగిన దాడిలో గుండ్లకంటె ఎండకు కూలినవారే యెక్కువ. బస్రా రేవున ఓడలసరకు దింపువారికి ఆ యెండ తప్పినదా?

తొంబదియేండ్ల మా మేనత్తకు ఈ సంగతి చెప్పితిని. “సిపాయి యని ఇన్నాళ్లు చెప్పుకొన్నవానిని కూలివానిని చేసితివా, నాయనా?” యని మొగము త్రిప్పుకొనెను. ఆషాఢమున నవమినాడు పిండము పెట్టితిని. ఆమె భోజనమునకు రాలేదు.