పుట్టుకతోనే దొంగలా? కావలి సెటిల్‌మెంటు కథ

అల్లూరు నుంచి మాట్లాడతా ఉండాను. పిల్లల బుద్ధి రక్తంలో వస్తుందా, చుట్టూ ఉన్న మనుషుల్నించి వస్తుందా? ఈ ప్రశ్నకి మన నెల్లూరు జిల్లాలోనే ఒక చరిత్ర ఉంది.

మాకు ఉత్తరాన కావలి. సుమారు వందేళ్ల కిందట అక్కడ అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్లు ఒక సెటిల్‌మెంటు నడిపారు. ఎరుకల కుటుంబాల్ని తెచ్చి అందులో పెట్టారు. హాజరు పలకాలి, అనుమతి లేకుండా బయటికి పోకూడదు. కారణం నేరస్థ తెగల చట్టం. 1871లో ఉత్తరాదిన మొదలై, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఆ తెగలో పుడితే చాలు, ముద్ర పడేది. మన జిల్లా యానాదుల్లోనూ కొందరిమీద పడింది. నెల్లూరు వాసి వెన్నెలకంటి రాఘవయ్య గారు జీవితమంతా యానాదుల కోసం పనిచేశారు.

ఇక్కడో తిరకాసు ఉంది. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడుల్లో పెట్టొచ్చని అదే చట్టం చెప్పింది. దొంగతనం రక్తంలోనే ఉంటే బడి మార్చి ఏం లాభం? అంటే పిల్లలు పరిసరాల్ని బట్టి తయారవుతారని ఆ దొరలకీ తెలుసన్నమాట!

సరిగ్గా ఆ కాలంలోనే, 1920ల్లో, మాస్కోలో వైగాట్‌స్కీ ఇదే విషయం మీద పనిచేస్తున్నాడు. డీఎస్సీకి చదివేవాళ్లకి ఈ పేరు తెలుసు, 'సామీప్య వికాస మండలం' ఈయనదే. ఆలోచన ముందు మనుషుల మధ్య పుట్టి, తర్వాత పిల్లల లోపలికి పోతుందంటాడు. ఒంటరిగా చేతకాని పని, తెలిసినవాళ్లు పక్కనుంటే పిల్లలు చేసేస్తారు.

యానాది పిల్లోడిని చూడండి. తాత వెంట పొలం గట్లమీద తిరగతా, ఎలకబొక్క ఎట్టా కనిపెట్టాలో, ఏ ఆకు దేనికి మందో నేర్చుకుంటాడు. అక్కడ తాతే పంతులు. పిల్లోడిని విడదీస్తే తెగిపోయేది ఆ చదువే. విడదీయకపోయినా, రోజూ హాజరు పలికే నాన్నని చూసి తానెవరో నేర్చుకుంటాడు.

1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. కానీ 'యానాదోడు' అనే మాటని తిట్టుగా వాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పక్కనే ఒక పిల్లోడు వింటా ఉంటాడు. వాడి బుద్ధిని తయారుచేసే పరిసరాల్లో మన నోరు కూడా ఒకటి.